బరువు పెంచితే మొరాయించే ద్రవం: ఇంట్లో విస్కోమీటరు కడుతున్న డైరీ

మొదలు

కార్న్‌ఫ్లోర్‌లో నీళ్లు కలిపి గిన్నెలో పెట్టి, మెల్లగా వేలు పెడితే మునుగుతుంది, గుద్దితే గట్టిపడుతుంది అని చూపించే ఆట ఇప్పుడు ప్రతి సైన్సు ఫెయిర్‌లోనూ ఉంటోంది. పిల్లలు గుద్దుతారు, కేకలు వేస్తారు, చేతులు కడుక్కుని పక్క టేబుల్‌కి వెళ్లిపోతారు. ఆ ఆట నాకూ ఇష్టమే, కానీ ఎంత బలానికి గట్టిపడటం మొదలైంది, అంతకన్నా తక్కువ బలానికి ఎలా ఉంది, బలం ఇంకా పెంచితే ఏమవుతుంది అనేవి అక్కడ ఎవరూ అడగరు, అడిగినా చెప్పడానికి చేతిలో అంకె ఉండదు. ఆ అంకెలు రాబట్టే పరికరం ఒకటి (విస్కోమీటరు, అంటే ద్రవం చిక్కదనం కొలిచేది) ఇంట్లోనే కట్టాలని మొదలుపెట్టాను. ల్యాబుల్లో ఇదే పనికి వాడే రియోమీటరు ధర లక్షల్లో ఉంటుంది. ఇది విజయవాడలో దొరికే సామాన్లతో, పదో తరగతి చదివే పిల్లాడు కూడా చూసి కట్టుకోగలిగేలా ఉండాలి.

అసలు సంగతి 1687 నాటిది. న్యూటన్ తన ప్రిన్సిపియా రెండో భాగంలో ఒక మాట అనుకుని ముందుకు వెళ్లాడు: ద్రవంలో పొరలు ఒకదాని మీద ఒకటి ఎంత వేగంగా జారితే, వాటి మధ్య నిరోధం అదే నిష్పత్తిలో పెరుగుతుంది అని. నీళ్లు, ఆముదం, గ్లిజరిన్ ఈ మాట వింటాయి. బలం రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు అవుతుంది, కాబట్టి వాటి చిక్కదనం ఒక్క అంకెతో చెప్పేయొచ్చు (ఏ ఉష్ణోగ్రత దగ్గరో కూడా చెప్పాలి, దాని గొడవ కింద వస్తుంది). మాట వినని ద్రవాల్లో ఎక్కువ భాగం బలం పెరిగేకొద్దీ పల్చబడేవి: టమాటా సాస్, గోడల పెయింటు, దోశ పిండి, మన ఒంట్లో రక్తం. బలం పెరిగితే చిక్కబడేవి అరుదు, కార్న్‌ఫ్లోర్ వాటిలో చేతికి దొరికేది. ఈ రెండు రకాలకీ ఒక్క అంకె సరిపోదు, గీత గీయాల్సిందే.

పరికరం బొమ్మ

ఇది చాలా పాత పద్ధతి. నిలువుగా ఒక గొట్టం, దాని మధ్యలో తిరిగే స్థూపం, రెండిటి మధ్య సందులో ద్రవం. స్థూపం షాఫ్ట్ పైభాగానికి ఒక చిన్న రీలు బిగించి, దానికి దారం చుట్టి, ఆ దారాన్ని కప్పీ మీదుగా కిందికి వదిలి చివర బరువు కడతాం. బరువు దిగుతుంటే స్థూపం తిరుగుతుంది. బరువే మనం వేసే బలం, అది ఒక మీటరు దిగడానికి పట్టే సమయం నుంచి వేగం వస్తుంది. బరువులు మార్చుకుంటూ సమయాలు రాసుకుంటే అంతే. మోటారు పెడితే వేగం మన చేతిలో ఉంటుంది, బరువు కడితే బలం మన చేతిలో ఉంటుంది. నాకు కావాల్సింది రెండోది, ఎందుకంటే కార్న్‌ఫ్లోర్ ఎప్పుడు గట్టిపడాలో తేల్చేది ప్రధానంగా దాని మీద పడే బలమే.

కొలతలు ఇవి. గొట్టానికి 75 ఎంఎం పీవీసీ పైపు ముక్క, లోపల వ్యాసం 70, అడుగున ఎండ్ క్యాప్. స్టీలు గ్లాసు వద్దనుకున్నాను, గ్లాసు పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి సందు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. స్థూపం 50 ఎంఎం వ్యాసం, 60 పొడవు ఉన్న నైలాన్. చుట్టూ సందు ఒక సెంటీమీటరు. రీలు వ్యాసం 30. షాఫ్ట్ 8 ఎంఎం స్టీలు, దానికి 608 నంబరు బేరింగులు రెండు. అన్నీ కలిపి ఒక అల్యూమినియం యాంగిల్ ఫ్రేములో.

ఆటోనగర్

లేత్ పని నాకు రాదు. నైలాన్ ముక్క టర్నింగ్ చేయించడానికి ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గరికి వెళ్లాను. బస్సులకీ లారీలకీ బుష్‌లు, పిన్నులు తీసే షెడ్డు అది, నా ముక్క ఆయనకి పావుగంట పని.

"ఏమ్మా, ఇది దేంట్లోకి?" అన్నాడు. చెప్పాను. పిండినీళ్లలో తిప్పడానికి అనగానే లేత్ ఆపి, "మరి ఇంత నున్నగా తీస్తే పట్టుకోదు కదమ్మా, జారిపోద్ది" అన్నాడు.

"అదే అడుగుదామనుకుంటున్నా బాబాయ్, పైన నర్లింగ్ (పట్టు కోసం గళ్లు గళ్లుగా గరుకు) వేస్తారా?"

"నైలాన్ మీద నర్లింగ్ సరిగా లేవదు. నిలువు గాడులు కొడతా ఉండు."

ఆయన అన్నది అక్షరాలా నిజం. ఇలాంటి ముద్దలాంటి ద్రవాల్లో నున్నటి గోడ పక్కన పల్చటి నీటి పొర ఏర్పడి, లోపలి ద్రవం కదలకుండానే స్థూపం జారి తిరిగేస్తుంది. అప్పుడు మనం కొలిచేది ద్రవాన్ని కాదు, ఆ పొరని. స్థూపం చుట్టూ ఒక మిల్లీమీటరు లోతు నిలువు గాడులు కొట్టాడు. పైపు లోపలి గోడకి నేను వాటర్‌ప్రూఫ్ ఎమరీ పేపరు అంటించాను. ఇలాంటి మనిషి పక్కన ఉంటే పుస్తకంలో చివరి అధ్యాయంలో రాసే సంగతి మొదటి రోజే తెలుస్తుంది.

బేరింగుల విషయం ఒకటి రాసి పెట్టాలి, ఇది ఎవరు కట్టినా ఎదురవుతుంది. కొత్త బేరింగులో గ్రీజు ఉంటుంది. గ్రీజు కూడా ఈ ద్రవాల జాతిదే, కొంత బలం దాటితే గానీ కదలదు, కదిలాక పల్చబడుతుంది. అది లోపల ఉంటే మనం కొలిచే గీతలో గ్రీజు గీత కలిసిపోతుంది. పక్క మూతలు ఊడదీసి కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్‌తో కడిగి, ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను. దాంతో ఖాళీ గొట్టంలో నాలుగు గ్రాములకే స్థూపం మెల్లగా తిరగడం మొదలైంది. ఆ నాలుగు గ్రాములు బేరింగూ కప్పీ కలిపి తినేది. ప్రతి బరువులోంచీ అది తీసేయాలి. కింద రాసే బరువులన్నీ అది తీసేశాక మిగిలినవే.

మెట్ల దగ్గర

మా ఇల్లు సత్యనారాయణపురంలో రెండో అంతస్తు. బరువు మీటరు దిగాలంటే టేబుల్ ఎత్తు చాలదు, అందుకని పరికరాన్ని మెట్ల పిట్టగోడ మీద క్లాంపులతో బిగించి, దారాన్ని మెట్ల మధ్య ఖాళీలోకి వదిలాను. గోడ మీద ఒకదానికొకటి మీటరు దూరంలో ఎర్ర ఇన్సులేషన్ టేపు ముక్కలు రెండు. మొదటి ముక్కకి పైన ఒక జానెడు వదిలాను, బరువు వేగం అందుకుని నిలకడగా దిగేది అక్కడి నుంచి కాబట్టి. బరువుకి మాత్రల డబ్బాలో వాషర్లు, ఎన్ని గ్రాములో కిచెన్ కాటా మీద చూసుకుని. ఫోన్‌ని ఎదురుగా పెట్టి వీడియో తీసి, ఫ్రేములు లెక్కపెట్టి సమయం తీసుకోవాలి, స్టాప్‌వాచ్ నొక్కే చేతిని నమ్మలేం.

పై వాటా వాళ్లబ్బాయి పదో తరగతి, బరువులు పైకి చుట్టే పని తనే అడిగి తీసుకున్నాడు.

ఆముదంతో సరిచూడటం

ముందు మాట వినే ద్రవంతో పరికరం నిజం చెబుతుందో లేదో చూడాలి. ఆముదం ఎంచుకున్నాను. నీళ్లకన్నా ఐదు వందల రెట్లకి పైగా చిక్కన, విషం కాదు, ఎక్కడైనా దొరుకుతుంది, పైగా దాని చిక్కదనం ఏ వేడికి ఎంతో పట్టికల్లో స్పష్టంగా ఉంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 985 మిల్లీపాస్కల్-సెకన్లు (చిక్కదనం కొలిచే ప్రమాణం), 30కి 450, 40కి 230. చూడండి, పది డిగ్రీలు పెరిగితే సగానికి సగం. విజయవాడలో తెల్లారి ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ మధ్య ఎండాకాలంలో అంత తేడా మామూలే. అంటే పొద్దున కొలిచిన ఆముదం, మధ్యాహ్నం కొలిచిన ఆముదం ఈ పరికరానికి రెండు వేర్వేరు ద్రవాలు. అందుకే అన్ని రీడింగులూ సాయంత్రం, గదిలో ఉంచిన సీసాలోంచే, పక్కన థర్మామీటరు పెట్టుకుని.

వాన పడి చల్లబడిన సాయంత్రం, 30 డిగ్రీల దగ్గర ఫలితం ఇది. 20 గ్రాములకి మీటరు దిగడానికి పది సెకన్లకి కాస్త అటూ ఇటూ. 40 గ్రాములకి ఐదు. 80కి రెండున్నర. గ్రాఫ్ పేపరు మీద బరువు ఒక పక్క, వేగం ఒక పక్క వేసి స్కేలు పెడితే చుక్కలన్నీ ఒకే సరళరేఖ మీద, ఆ రేఖ సున్నా గుండా. గొట్టం కొలతల సూత్రంలో వేసి చూస్తే చిక్కదనం పట్టికలో అంకెకి దగ్గరగానే వచ్చింది, కాస్త ఎక్కువ. ఆ ఎక్కువ స్థూపం అడుగుభాగం వల్ల, అడుగు కూడా ద్రవాన్ని రాసుకుంటూ తిరుగుతుంది కదా, సూత్రం పక్క గోడల్నే లెక్కేస్తుంది. ఆ తేడాని ఒక గుణకంగా రాసుకుంటే చాలు.

సున్నా గుండా వెళ్లే ఆ సరళరేఖ చూసి నాకు కలిగిన ఆనందం చెప్పలేను. మూడు వందల ఏళ్ల కిందటి వాక్యం మా మెట్ల దగ్గర, మాత్రల డబ్బా చివర వేలాడుతూ నిజమైంది.

కార్న్‌ఫ్లోర్

ముందొక జాగ్రత్త. మరలో ఆడించిన పసుపు రంగు మొక్కజొన్న పిండి దీనికి పనికిరాదు, అందులో పొట్టు, నూనె, ప్రోటీను అన్నీ ఉంటాయి. కావాల్సింది మంచూరియాకి, సూపులకి వాడే తెల్లటి కార్న్‌ఫ్లోర్, అంటే అచ్చంగా స్టార్చి. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కిరాణా కొట్లలో కిలోల లెక్కన విడిగా దొరుకుతుంది.

కలపడం కప్పులతో కాకుండా కాటాతో చేయాలి. రెండు కప్పుల పిండికి ఒక కప్పు నీళ్లు అని అందరూ చెప్పేది ఆటకి సరిపోతుంది, కొలతకి సరిపోదు. కప్పులో పిండి ఎంత కూరుకుందో ఎవరికి తెలుసు? పైగా వానాకాలం గాలిలో తేమ పిండి పీల్చుకుంటుంది, బయటికి పొడిగానే కనిపిస్తున్నా లోపల పదిలో ఒక వంతుకి పైనే నీళ్లు ఉండొచ్చు. ఈ ద్రవం విషయంలో ఒకటి రెండు శాతం తేడా కూడా మొత్తం కథ మార్చేస్తుంది. నేను స్థిరపడింది నూరు గ్రాముల పిండికి ఎనభై గ్రాముల నీళ్ల దగ్గర. చెంచాతో మెల్లగా తిప్పితే పాలలా తిరుగుతుంది, గబుక్కున లాగితే చెంచాతో పాటు గిన్నె కూడా లేస్తుంది.

ఇక రీడింగులు. 10 గ్రాములకి స్థూపం నింపాదిగా, ఏ గొడవా లేకుండా తిరిగింది, మీటరుకి 40 సెకన్లకి పైనే. 20కి 18 సెకన్ల దగ్గర. ఇక్కడిదాకా బరువు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువే పెరిగింది, అంటే కాస్త పల్చబడింది కూడా. ఇది చూసి అబ్బాయి "అక్కా, ఇది ఆముదంలాగే ఉంది కదా" అన్నాడు. 40 వేశాం. లెక్క ప్రకారం తొమ్మిది రావాలి, పన్నెండు వచ్చింది. 80 వేశాం, సుమారు పది. బరువు రెట్టింపు చేస్తే వేగం కొసరంత పెరిగింది. 160కి ఒక్క అంకె రాయలేను: డబ్బా దిగుతూ దిగుతూ టక్కున ఆగుతుంది, దారం బిగుసుకుంటుంది, అర సెకను అలాగే వేలాడి మళ్లీ జర్రున జారుతుంది, మళ్లీ ఆగుతుంది. వీడియోని నెమ్మదిగా పెట్టి చూస్తే స్థూపం చుట్టూ పిండి పైభాగం ఆగిన క్షణంలో నిగారింపు పోయి మందంగా, తడి ఆరిన సున్నంలా కనిపిస్తుంది, జారగానే మళ్లీ మెరుస్తుంది. అదే చోట పది సార్లు వెనక్కి తిప్పి చూశాం ఇద్దరం.

బరువును స్థూపం మీద పడే ఒత్తిడిలోకి మారిస్తే 20 గ్రాములు అంటే సుమారు 12 పాస్కల్స్, 40 అంటే 25. గట్టిపడటం మొదలైంది ఈ రెండిటి మధ్య ఎక్కడో. కాగితం మీద అంకెగా చూస్తే ఇది ఎంత చిన్న బలమో ఆశ్చర్యం వేస్తుంది, అరచేయంత జాగా మీద పది పాతిక గ్రాముల బరువంత, అంతే. గుద్దాల్సిన పనే లేదు. గిన్నె మీద పరిగెత్తడం, సుత్తితో కొట్టడం అన్నీ ఈ గీతకి ఎంతో ఆవల జరిగే సంగతులు.

పిండి అడుగుకి దిగడం

స్టార్చి రేణువులు నీళ్లకన్నా బరువు, ఒకటిన్నర రెట్లు పైనే. కలిపి వదిలేస్తే కొద్ది నిమిషాల్లో అడుగున గడ్డ కట్టి పైన నీళ్లు తేలతాయి. పరిశోధకులు ఇందుకోసం నీళ్లలో సీజియం క్లోరైడ్ కలిపి నీటి సాంద్రతని పిండి సాంద్రతకి సమానం చేస్తారు, అప్పుడు రేణువులు ఎక్కడివక్కడే తేలుతూ ఉంటాయి. అది మనకి అందే ఖర్చు కాదు. నేను చేస్తున్నది ప్రతి రీడింగుకి ముందు గొట్టం అడుగుదాకా గరిటె కాడతో కలిపి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, నిమిషంలోపు బరువు వదిలేయడం. 10 గ్రాముల రీడింగు ఒక్కటే ఇందులో కొంచెం అనుమానం, అది నెమ్మది కాబట్టి.

ఎందుకు గట్టిపడుతుంది

రేణువు సైజు పది పదిహేను మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఈ మిశ్రమంలో అవి కిక్కిరిసి ఉంటాయి, కానీ ఒక్కోదాని చుట్టూ పల్చటి నీటి పొర ఉంటుంది. బలం తక్కువగా ఉన్నంతసేపూ ఆ పొర చెక్కుచెదరదు, రేణువులు ఒకదాన్నొకటి తాకకుండా పక్కకి తప్పుకుంటాయి. బలం ఒక హద్దు దాటితే పొర చిరిగి రేణువు రేణువుని నేరుగా రాసుకుంటుంది, అక్కడ ఘర్షణ పుడుతుంది, ఒకదాన్నొకటి ఆనుకుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గొలుసులు కట్టేస్తాయి. దసరాకి ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడ్డవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు: అందరూ జానెడు జాగా ఉంచుకుని నడిస్తే లైను కదులుతుంది, వెనక నుంచి తోస్తే భుజానికి భుజం పట్టేసి ఎక్కడివాళ్లక్కడే ఇరుక్కుపోతారు. తోయడం ఆపగానే మళ్లీ సడలుతుంది. ఘర్షణే ఇక్కడ అసలు కారణమన్న లెక్క బలపడింది 2013, 2014 ప్రాంతాల్లో వచ్చిన పరిశోధనలతో, అంటే ఇంత పాత ఆట వెనక కారణం మీద వాదన నిన్న మొన్నటిదాకా నడిచింది.

మరి తొట్టె మీద మనుషులు పరిగెత్తే సంగతి? దానికి ఇదొక్కటే చాలదు. పాదం పడ్డప్పుడు కింద రేణువులు ఇరుక్కుని ఒక గట్టి ముద్ద పుడుతుంది, ఆ ముద్ద అంచు చాలా వేగంగా కిందికీ పక్కలకీ పెరుగుతూ దారిలో ఉన్న ద్రవాన్నంతా తనలో కలుపుకుంటుంది. అంత బరువుని ఒక్కసారిగా కదిలించాల్సి రావడమే పాదాన్ని ఆపుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో వైటుకైటిస్, యేగర్ ఇద్దరూ కడ్డీని పిండినీళ్లలోకి కొట్టి, హైస్పీడ్ కెమెరాతో, ఎక్స్-రేతో చూసి 2012లో నేచర్ పత్రికలో ఇది చూపించారు. ఆగి నిలబడితే ముద్ద సడలిపోయి మనిషి మునుగుతాడు.

అబ్బాయి అడిగాడు: "బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లో ఇదే ఉంటదంట కదక్కా?"

కార్న్‌ఫ్లోర్ కాదు, నీళ్లూ కాదు. నీళ్లు ఆరిపోతాయి, పిండి కుళ్లిపోతుంది. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి సైన్యం పరిశోధనశాలతో కలిసి, ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో సిలికా అతిసూక్ష్మ రేణువులు కలిపి కెవ్లార్ (చాలా గట్టి కృత్రిమ దారం) బట్టని అందులో నానబెట్టారు, ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. అక్కడ ఆపేది ప్రధానంగా కెవ్లార్ బట్టే, ద్రవం దాని దారాలు పక్కకి జరగకుండా పట్టుకుంటుంది. వాడి ముఖంలో కాస్త నిరాశ కనబడింది గానీ, నాకైతే నిజం ఇంకా బాగుంది అనిపించింది.

ఆదివారం, కృష్ణ ఒడ్డున

దీనికి పరికరం అక్కర్లేదు. బ్యారేజీకి దిగువన నీళ్లు తగ్గినప్పుడు తేలే తడి ఇసుక మీద కాలు పెట్టి నొక్కితే, పాదం చుట్టూ ఇసుక తడి పోయి తెల్లగా పొడిబారినట్టు అవుతుంది. నొక్కితే నీళ్లు పైకి ఉబకాలి కదా, లోపలికి ఎందుకు పోయాయి? దగ్గరగా పేర్చుకున్న రేణువులు కదలాలంటే ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, అలా ఎక్కితే మధ్య ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలోకి నీళ్లు దిగిపోతాయి. ఆస్బర్న్ రేనాల్డ్స్ 1885లో వివరించాడు. 160 గ్రాముల దగ్గర పిండి నిగారింపు పోయింది చూడండి, అది కూడా ఇదే పని: రేణువుల మధ్య ఖాళీ పెరిగి, పైనున్న నీటి పొర లోపలికి జారుకుని, రేణువుల కొసలు బయటపడ్డాయి. ఇసుకలో కాలు పెట్టి చూసినవాళ్లకి వీడియోలో ఆ క్షణం వెంటనే అర్థమవుతుంది. పై వాటా అబ్బాయికి అర్థమైంది.

సాసూ, దోశ పిండీ

ఇవి ఎదురు దిక్కువి, త్వరగా రాసేస్తాను. సాస్ 40 గ్రాముల దాకా అసలు కదల్లేదు. 60కి మెల్లగా మొదలై, 80కి సర్రున దిగిపోయింది. కదలడానికే ఒక కనీస బలం కావాలి, అది దాటాక పల్చబడుతుంది. గోడకి వేసే పెయింటు కూడా ఇలాంటిదే: బ్రష్ కింద పారుతుంది, బ్రష్ తీయగానే కారకుండా నిలబడుతుంది. బింగ్‌హామ్, గ్రీన్ అనే ఇద్దరు 1919లోనే పెయింటు మామూలు చిక్కటి ద్రవం కాదని తేల్చి చెప్పారు.

దోశ పిండి మాత్రం తేలిగ్గా లొంగలేదు. పులిసేకొద్దీ బుడగలు పుడుతుంటాయి, గంట గంటకీ గీత మారిపోతుంది, ఒకసారి స్థూపం తిప్పితే ఆ బుడగలు విరిగి మళ్లీ వేరే పిండి అవుతుంది. పెనం మీద గరిటె తిప్పుతున్నంతసేపూ పలచగా పారి, గరిటె ఎత్తగానే గుండ్రంగా ఆగిపోయే గుణం మన వంటిళ్లలో ఎప్పటి నుంచో చేతికి తెలుసు. దాన్ని గీతలోకి తేవాలంటే పులియని పిండితో మొదలుపెట్టాలి.

నల్లరేగడి

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. తుళ్లూరు వైపు నుంచి ఒక సంచి నల్లరేగడి మట్టి తెప్పించాను. ఆ నేల సంగతి అక్కడివాళ్లకి చెప్పాలా, ఎండకి నెర్రెలు, వానకి చెప్పులు ఊడబీకే బంక. నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, ఇసుక తీసేసి, గంజిలా ఉండేంత నీళ్లతో కలిపాను.

బాగా గిలక్కొట్టి వెంటనే 40 గ్రాములు వదిలితే చకచకా దిగింది. అదే మట్టి, అదే బరువు, గొట్టంలో పావుగంట కదిలించకుండా ఉంచి వదిలితే డబ్బా కదల్లేదు. వేలితో రీలుని ఒక్కసారి తట్టగానే మెల్లగా మొదలై, దిగేకొద్దీ వేగం పెరుగుతూ పోయింది. మళ్లీ గిలక్కొడితే మళ్లీ చకచకా. గంట ఉంచితే ఇంకా గట్టి. అంటే ఇక్కడ చిక్కదనం బలం మీదే కాదు, ఎంతసేపు ఊరుకున్నాం, ఎంతసేపు తిప్పాం అనే దాని మీద కూడా ఆధారపడింది. దీన్ని థిక్సోట్రోపీ అంటారు. నల్లరేగడిలో ఉండే బంకమట్టి రేణువులు పల్చటి పలకలు, వాటి ముఖాలకీ అంచులకీ విద్యుదావేశాలు వేరు, అందుకే ఊరికే ఉంచితే అంచు వెళ్లి ముఖానికి అతుక్కుంటూ నీళ్లన్నిటినీ పట్టుకునే ఒక గూడు కట్టేస్తాయి. తిప్పితే గూడు చెదిరిపోతుంది, ఆపితే మళ్లీ కడుతుంది.

ఇదే జాతి మట్టి బెంటోనైట్. వంతెనలకి పైల్స్ (లోతైన పునాది స్తంభాలు) తవ్వేచోట గోతిలో నింపే బూడిదరంగు ద్రవం అదే. పంపు తోస్తుంటే పారుతుంది, గోతిలో నిలబడగానే గడ్డలా మారి గోడలు కూలకుండా పట్టుకుంటుంది. ఆ మాట విని మేస్త్రి బాబాయ్ (మట్టి రీడింగుల రోజు స్కూటరు మీద వచ్చాడు, తన గాడులు ఎలా పనిచేస్తున్నాయో చూడాలని) "మా తమ్ముడు పైలింగ్ రిగ్ మీదే పని చేస్తాడమ్మా, రిగ్ ఆగిపోతే ఆ బురదని రాత్రంతా తిప్పుతూనే ఉంటారు, ఎందుకో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. ఆయన గొట్టం పక్కన కూర్చుని, పావుగంట అయ్యిందా అని గడియారం చూసుకుంటూ, డబ్బా కదలకుండా వేలాడటం తన కళ్లతో చూసి గానీ లేవలేదు.

ప్రస్తుతం

వాడిన కార్న్‌ఫ్లోర్‌ని సింకులో గానీ బాత్రూము తూములో గానీ పోయొద్దు, వంపులో పేరుకుని గడ్డకడుతుంది. బకెట్‌లో రాత్రంతా ఉంచి, పైన తేరిన నీళ్లు మొక్కలకి పోసి, అడుగుది మేడ మీద ఎండబెట్టి చెత్తబుట్టలో వేస్తున్నాను. కలిపినది మర్నాటికే పులిసిన వాసన వస్తుంది, అప్పుడు దాంతో కొలవడం కూడా దండగ.

తర్వాత చేయాల్సింది పీవీసీ బదులు అక్రిలిక్ గొట్టం, గట్టిపడటం పక్క నుంచి కనపడేలా. దాని చుట్టూ ఇంకో పెద్ద గొట్టం పెట్టి నీళ్లు నింపితే ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది, వేసవిలో కూడా పనిచేసుకోవచ్చు. ఇంకా ముఖ్యం, నూరు గ్రాముల పిండికి 90, 85, 75 గ్రాముల నీళ్లతో, ఉన్న 80తో కలిపి నాలుగు గీతలు ఒకే కాగితం మీద కావాలి: నీళ్లు తగ్గేకొద్దీ ఏ వేగం దగ్గర మొరాయిస్తుందో అది తగ్గుతూ రావాలి, మొదలయ్యే బలం మాత్రం పెద్దగా మారకూడదు. ఘర్షణ వివరణ సరైనదైతే అలాగే రావాలి. 90 గ్రాముల గీత సగం అయింది, వాషర్లు ఇంకో అరకిలో కావాలి.